ఉపగ్రహముతో పదమూడు నిమిషములు

మన రాయలసీమలో నీటికి కొదువ గలదు గాని ఆకాశమునకు కొదువ లేదు. కర్నూలు నుండి కడపకు పోవు బాటలో ఎచ్చట నిలిచి చూచినను నల్లరేగడి చేలు, నాపరాతి గుట్టలు, వానికి ఆవల నలుదిక్కులను నేల నంటి దిగిన గగనము కానవచ్చును. కన్నుల కడ్డముగ నిలుచు మేడలు తక్కువ. దట్టమైన తోపులు అంతకంటె తక్కువ. రైతునకు ఈ బయలు చూచిన గుండె చెరువగును. కాని, దీనిని చూచి సంతోషించువారు కొందరు కలరు. వారు రేడియో హామ్‌లు.

ఆ మాటను నేను మొదట విన్నది నా పూర్వవిద్యార్థి యొకని నోట. వినిన సందర్భము సంతోషకరమైనది కాదు. 2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రీనదియు ఒక్కమారుగ పొంగి కర్నూలు నగరమును ముంచెత్తినవి. వానకు మొగము వాచిన సీమలో వరద! అప్పుడు నేను కడప జిల్లాలోని ఒక పల్లెలో ప్రధానోపాధ్యాయుడను. మా అక్క కాపురము కర్నూలు పాతనగరమున. ఆనాడు విద్యుత్తు ఆగిపోయెను. విద్యుత్తు లేనిదే టెలిఫోను స్తంభములు పనిచేయవు గదా! నేను చేతిలోని టెలిఫోనును రెండు దినములు నొక్కుచునే యుంటిని; ఆవలనుండి పలుకు లేదు. మూడవ దినమున మా బావ మరియొక ఊరినుండి మాటలాడి, అందరును మిద్దెపై నుండి ప్రాణములు దక్కించుకొనిరని చెప్పెను. ఆ రెండు దినములు నే ననుభవించిన వేదన ఇప్పుడు వర్ణింప నక్కరలేదు.

ఆ తరువాత కొలది వారములకు ఆ విద్యార్థి నన్ను చూడ వచ్చి, ఈ కథ అంతయు విని, “అయ్యవారూ, మన కాకాశములో నొక స్తంభమున్నది. దానికి తీగ లేదు, వరద భయము లేదు. అది పరుగెత్తుచుండును, అంతే చిక్కు” అనెను. ఆ పరుగెత్తు స్తంభమును గూర్చియే ఈ పాఠము.

హామ్ అనగా ఎవరు? రేడియోద్వారా వార్తలు పంపుటకును, గ్రహించుటకును ప్రభుత్వమువారి అనుమతి పొంది, జీతబత్తెములు లేక, కేవలము విద్యాభిరుచితో ఆ పనిచేయు ఔత్సాహికుడు. అతడు వ్యాపారపు మాటలాడరాదు. రహస్యలిపిలో మాటలాడరాదు. పాటలు ప్రసారము చేయరాదు. ఎవరైనను విని తెలిసికొనగల మాటలే పలుకవలెను. ప్రతి హామ్‌కును ప్రపంచమున మరెవ్వరికిని లేని యొక గుర్తుపేరు ఇయ్యబడును. మన దేశపు హామ్‌ల గుర్తులు సామాన్యముగ ‘వి.యు.’ అను అక్షరములతో మొదలగును. సింహళమువారివి ‘నాలుగు-ఎస్’తో మొదలగును. గుర్తు వినగానే మనిషి ఏ దేశమువాడో తెలియును.

రేడియో తరంగములలో పొడవైనవి కొన్ని అయనావరణమున తగిలి మరల భూమిపై పడి సముద్రములు దాటి పోగలవు. పొట్టి తరంగములు అట్లు కాదు. అవి బాణమువలె తిన్నగ పోవును. కర్నూలులో నిలిచి అట్టి తరంగమును విడిచినచో ఎర్రమల గుట్టలు అడ్డుపడును. గుట్టలు లేకున్నను భూమి గుండ్రముగ నుండుటచేత కొన్ని పదుల కిలోమీటర్లకే ఆ తరంగము నేలను విడిచి అంతరిక్షమునకు పోవును. పోయినది పోయినట్లే. ఆ పోవుదారిలో దానిని పట్టి, బలమిచ్చి, మరల క్రిందికి పంపు యంత్రమొకటి ఉన్నచో? ఈ ఆలోచననుండియే ఔత్సాహికుల ఉపగ్రహము పుట్టినది.

రష్యావారు మొదటి స్పుత్నిక్‌ను 1957 అక్టోబరు 4న ప్రయోగించిరి. నాలుగేండ్లు నిండిన కొలది నెలలకే, 1961 డిసెంబరు 12న, అమెరికాలోని కాలిఫోర్నియా తీరమునుండి ‘ఆస్కార్-1’ అను చిన్న ఉపగ్రహము పైకి పోయెను. దానిని చేసినది ప్రభుత్వము కాదు. తమ యిండ్లలోను, కొట్టములలోను సాయంకాలములందు పనిచేసిన హామ్‌లు. దాని బరువు సుమారు నాలుగున్నర కిలోలు. పెద్ద రాకెట్టులో మిగిలిన చోటున దానిని కూర్చుండబెట్టిరి. రాకెట్టునుండి దానిని వెలికి నెట్టుటకు వారు వాడినది బజారులో అగ్గువకు కొన్న యొక స్ప్రింగు! అది మోర్సు సంకేతములలో ‘హాయ్’ అను ఒక్క పలుకునే పలుకుచు భూమిని చుట్టెను. ఆ పలుకు వేగమునుబట్టి ఉపగ్రహము లోపలి వేడిమి యెంతయో లెక్కకట్టుటకు వీలుండెను. మూడువారముల లోపున దాని బ్యాటరీ నిండుకొనెను.

అయితే అది మనము పంపిన మాటను మరల పంపునది కాదు. తన పలుకు తాను పలుకునది మాత్రమే. మన గొంతును గ్రహించి తిరిగి పంపునట్టి ఔత్సాహిక ఉపగ్రహము 1965 మార్చి 9న ప్రయోగింపబడిన ఆస్కార్-3. మనమాటను పట్టి మరియొక పౌనఃపున్యముపై క్రిందికి పంపు యంత్రమును ట్రాన్స్‌పాండరు అందురు.

ఆస్కార్-7 కథ ఇంతకంటె చిత్రమైనది. అది 1974 నవంబరు 15న పైకి పోయి, ఏడేండ్లు చక్కగ పనిచేసి, 1981లో బ్యాటరీ చెడుటచేత మూగవోయెను. అందరును దానిని మరచిరి. ఇరువది యొక్క సంవత్సరములు గడచినవి. 2002 జూన్ 21న ఇంగ్లండులో నొక హామ్ రేడియోముందు కూర్చుండి యుండగా పాత గొంతుక యొకటి వినవచ్చెను. ఎవరని చూడగా అది ఆస్కార్-7! చెడి, విద్యుత్తును తనలోనికి త్రాగుచుండిన బ్యాటరీ, కాలక్రమమున పూర్తిగ తెగిపోయి అడ్డు తొలగెను. సూర్యఫలకముల విద్యుత్తు నేరుగ యంత్రమునకు చేరెను. ఎండలో నున్నప్పుడు పలుకును. భూమినీడలోనికి పోగానే నిదురించును. ఏబది యేండ్లు నిండిన 2024లో కూడ అది పలుకుచుండెను. మన ఊళ్లలో చెడిన మోటారును పదియవసారి బాగుచేయించి వాడుకొను రైతునకు ఈ కథ చెప్పినచో ఆశ్చర్యపడడు.

ఇక మన ఇంటి సంగతి. కడపనుండి కాకి యెగిరినట్లు తిన్నగ పోయినచో శ్రీహరికోట సుమారు 170 కిలోమీటర్లు. 2005వ సంవత్సరము మే 5వ తేదీన అచ్చటినుండి పి.యస్.యల్.వి. సి-6 అను రాకెట్టు పైకెగసెను. శ్రీహరికోటలో నూతనముగ కట్టిన రెండవ ప్రయోగవేదికనుండి జరిగిన మొట్టమొదటి ప్రయోగమది. నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ గారు స్వయముగ వచ్చియుండిరి. రాకెట్టులో ప్రధానమైనది భూమి పటములు తీయుటకై చేసిన కార్టోశాట్-1. దాని బరువు 1560 కిలోలు. దాని ప్రక్కన, పెండ్లివారి బండిలో మూటలసందున నుంచిన చిన్నబుట్టవలె, 42.5 కిలోల పెట్టె యొకటి పయనించెను. దాని పేరు హామ్‌శాట్. ప్రపంచమునందలి ఔత్సాహికులు దానికి వి.ఓ.-52 అని గుర్తునిచ్చిరి.

భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు దీనిని ఔత్సాహికులకై కట్టిరి. ఇందులో రెండు ట్రాన్స్‌పాండరు లుండెను. ఒకటి మనదేశమువారు చేసినది. రెండవది హాలండు దేశపు హామ్, ఇంజనీరింగు విద్యార్థియైన విలియమ్ లైయెనార్ చేసి యిచ్చినది. ఒక విద్యార్థి చేతితో చేసిన యంత్రము మన సముద్రతీరమునుండి ఆకాశమునకు పోయినదన్నమాట! హామ్‌లు 435 మెగాహెర్ట్జుల ప్రాంతమున మాటను పైకి పంపవలెను. హామ్‌శాట్ దానిని 145 మెగాహెర్ట్జుల ప్రాంతమున క్రిందికి పంపును. దాని ప్రసారశక్తి ఎంత? సుమారొక వాటు. ఒకప్పుడు పడుకొనుగదిలో వెలిగించు చిన్నదీపమున కైనను అంతకంటె ఎక్కువ శక్తి కావలసియుండెను.

ఆ ఒక్క వాటును అందరును పంచుకొనవలెను. ఇది కొంచెము వివరించి చెప్పదగిన విషయము. ట్రాన్స్‌పాండరు ఒక్కరి మాటను మాత్రమే పట్టునది కాదు; కొంత వెడల్పుగల పట్టీని మొత్తముగ పట్టి, మొత్తముగ క్రిందికి పంపును. ఆ పట్టీలో పదిమంది ఒకేసారి వేరువేరుగ సంభాషింపవచ్చును. కాని ఒకడు అత్యాశతో పెద్దయంత్రము పెట్టి బిగ్గరగ ప్రసారము చేసినచో, ఉపగ్రహముయొక్క శక్తి అంతయు వానికే పోయి తక్కినవారి గొంతులు సన్నగిల్లును. కర్నూలు-కడప కాలువను ఎరిగిన మీకు దీనిని తెలుపుట సులభము. సుంకేసులవద్ద వచ్చు నీరు ఒక్కటే. పైతూమువాడు గండికొట్టి మళ్లించుకొన్నచో కడప చివరి ఆయకట్టువాని మడి యెండును. కాలువపై తగవు తీర్చుటకు లస్కర్లును, అధికారులును గలరు. ఆకాశమున లస్కరు లేడు. ప్రతి హామ్‌యు తన గొంతు ఉపగ్రహమునుండి ఎంత గట్టిగ తిరిగివచ్చుచున్నదో తానే విని, ఎక్కువైనచో తానే తగ్గించుకొనవలెను. అయిదు వాట్లు చాలునని మా విద్యార్థి చెప్పెను.

హామ్‌శాట్ భూమికి సుమారు 630 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువములమీదుగ తిరుగుచు, 97 నిమిషముల కొక ప్రదక్షిణము చేయును. అది సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగము. అంత ఎత్తునుండి దానికి తన చుట్టును 2700 కిలోమీటర్ల దూరమువరకు భూమి కనబడును. కావున అది కర్నూలుకు నడినెత్తిన నున్నప్పుడు ఢిల్లీ, కొలంబో, బాంగ్‌కాక్, మస్కట్టు నగరములందలివారు అందరును ఒకే పందిరి క్రింద నున్నట్లే. కాని ఆ పందిరి నిలువదు. దిగంతమున ఉపగ్రహము ఉదయించినది మొదలు అస్తమించువరకు, మిగుల అనుకూలమైన మార్గమున, పదమూడు నిమిషములు. అది ఒక చుట్టు తిరిగి వచ్చులోపల భూమి తూర్పునకు ఇరువదినాలుగు డిగ్రీలు తిరుగును గనుక, మరుసటిచుట్టు పడమరగ జరిగిపోవును. ఈ కారణమున దినమునకు నాలుగైదు పర్యాయములు మాత్రమే మన కందును.

అది ఎప్పుడు, ఏ దిక్కున ఉదయించునో ముందుగనే గణింపవచ్చును. మన పంచాంగకర్తలు గ్రహణమును గణించునట్లే ఇది. కొన్ని సంఖ్యలు తెలిసినచో చాలును: కక్ష్య వాలు, ఎత్తు, ఒకానొక క్షణమున ఉపగ్రహ మున్న స్థానము మొదలైనవి. పూర్వకాలపు హామ్‌లు భూపటముపై పారదర్శకమైన బిళ్లను త్రిప్పి ఈ లెక్క తీసెడివారు. నేడు చేతిలోని టెలిఫోను చెప్పుచున్నది.

మరియొక చిక్కు కలదు. ఎర్రగుంట్ల స్టేషనులో ఆగక పోవు రైలు కూతను మీరు వినియుందురు. రైలు దగ్గరకు వచ్చునపుడు కూత సన్నగ, దాటిపోవునపుడు బొంగురుగ వినబడును. కూత మారలేదు, రైలు కదలుటచేత మనకట్లు వినబడును. దీనిని 1842లో వివరించిన ఆస్ట్రియా శాస్త్రజ్ఞుని పేరిట డాప్లరు ప్రభావమందురు. ఉపగ్రహము రైలుకంటె ఎన్నోరెట్లు వేగముగ పోవునది గదా! అందుచేత 145 మెగాహెర్ట్జుల తరంగము మూడువేల హెర్ట్జులకు పైగ పైకిని క్రిందికిని జరుగును. 435 మెగాహెర్ట్జుల తరంగము సుమారు పదివేలు జరుగును. మాటలాడుచున్నంతసేపు ఒకచేయి రేడియో మీటను త్రిప్పుచునే యుండవలెను. లేనిచో ఎదుటివాని గొంతు క్రమముగ చిలుకగొంతై, పిదప ఏమియు తెలియని కూతయై పోవును.

ఇంత విన్నతరువాత దానిని కన్నులార చూడవలెనని నాకు బుద్ధిపుట్టెను. 2010 జనవరిలో ఒకనాటి ఉదయము మేమిద్దరము కర్నూలు ప్రక్కనున్న జగన్నాథగట్టు ఎక్కితిమి. శ్రీశైలము జలాశయమున మునుగనున్న రూపాల సంగమేశ్వరాలయమును రాయిరాయిగ తెచ్చి మరల నిలిపిన గట్టు అదియే. మా సామగ్రి యేమనగా: రెండు చిన్న రేడియోలు, ఒక మోటారుసైకిలు బ్యాటరీ, చెవులకు తగిలించుకొను గొట్టములు, ఒక ఏరియలు. ఏరియలును మా విద్యార్థియే చేసెను. ఒక కర్రకు అడ్డముగ అల్యూమినియము కడ్డీలు బిగించినాడు. 145 మెగాహెర్ట్జుల కడ్డీలు ఒక్కొక్కటి మన బడిలోని మీటరుబద్దంత. 435 మెగాహెర్ట్జులవి దానిలో మూడవవంతు. తరంగము పొడవులో సగమే కడ్డీ పొడవు. పూర్వము దూరదర్శన్ చూచుటకు మిద్దెలపై నిలిపిన ఏరియళ్లును ఈ జాతివే. యాగి, ఉడా అను జపానుదేశపు ఆచార్యులు 1926లో దీనిని లోకమునకు తెలిపిరి. ఇది చూపిన దిక్కుననే బాగుగ వినును. తక్కిన దిక్కులందు చెవిటిది.

ఏరియలు పట్టుట నా పని యని నిర్ణయమయ్యెను. ఉపగ్రహము కంటికి కనబడదు; టెలిఫోను చెప్పు దిక్కునకు కర్ర చూపవలెను. అది తన చుట్టు తాను తిరుగుచుండునది గనుక, ధ్వని తగ్గినప్పుడు కర్రను చేతిలో కొంచెము మెలిపెట్టవలెను. ఉత్తరమున పాలమూరు దిక్కుగ చూపి నిలిచితిని. చెవులలో హోరు తప్ప ఏమియు లేదు. ఒక నిమిషము గడచెను. పిదప ఆ హోరు లోపలినుండి, బావిలో కడవ మునిగినట్లు, ఏవో గొంతులు లేచినవి. మా విద్యార్థి తన గుర్తుపేరు పలికెను. మరుక్షణమే అతని గొంతు నా చెవులలో ఆకాశమునుండి వినబడెను! మనిషి నా ప్రక్కన, గొంతు పైన. గండికోటలో పెన్నేటి గండివద్ద నిలిచి అరచినచో ఎదుటి బండలు మరల పలుకును. కాని ఆ బండలకు వేయి కిలోమీటర్ల ఆవలివాడు బదులు చెప్పడు. ఇచ్చట చెప్పెను. మూడవ నిమిషమున సింహళద్వీపమునుండి యొక పెద్దమనిషి మా గుర్తును పలికి, తన గుర్తు చెప్పెను.

ఇట్టి సంభాషణలో కుశలప్రశ్నలకు తావు తక్కువ. మొదట గుర్తులు మార్చుకొందురు. పిమ్మట ధ్వని ఎట్లున్నదో అంకెలలో చెప్పుకొందురు. ‘అయిదు-తొమ్మిది’ అనిన, మాట స్పష్టముగను బలముగను నున్నదని యర్థము. తరువాత తామున్న చోటు. ఇందులకై భూగోళమును గళ్లుగ విభజించి ప్రతిగడికి నాలుగక్షరముల పేరు పెట్టిరి. కర్నూలున్న గడి ‘ఎమ్‌.కె. 95’, కడప దానికి దక్షిణపు గడియైన ‘ఎమ్‌.కె. 94’. చివర ‘డెబ్బదిమూడు’ అందురు. తంతివార్తలు పంపు గుమాస్తాల కాలమునుండి వచ్చిన ఆ అంకెకు శుభాకాంక్షలని భావము. ఇవి అన్నియు పూర్తియైన గాని సంపర్కము జరిగినట్లు లెక్కకాదు.

మాకు గుర్తులు ముగిసినవి, అంకెలు ముగిసినవి. ఉపగ్రహము మా నెత్తి దాటి దక్షిణమునకు వాలుచుండెను. అంతలో గొర్రెలమంద యొకటి గట్టెక్కి వచ్చెను. వెంట నొక ముసలికాపరి. అతడు నా చేతి కర్రను, నా వాలకమును కొంతసేపు చూచి, “ఏం సామీ, నీళ్లు చూస్తాండారా? నీళ్లకు కింద చూడల్ల గానీ, పైన చూస్తే ఏముంటాది?” అని అడిగెను. మన సీమలో బోరుబావి వేయుటకు ముందు కర్రపుల్లతో చేలలో తిరిగి నీటిజాడ చెప్పువారు కలరు గదా! నన్ను వారిలో నొకనిగ నెంచెను. నాకు నవ్వాగలేదు. నవ్వుచు అతనివైపు తిరిగి బదులు చెప్పబోతిని. కర్ర కూడ నాతో తిరిగెను. చెవులలోని సింహళపు గొంతు దీపమార్పినట్లు మాయమయ్యెను.

“అయ్యవారూ! దక్షిణము, దక్షిణము! ప్రక్కకు మెలిపెట్టండి!” అని మా విద్యార్థి కేకవేసెను. నలుబది యేండ్లకు పైబడిన ప్రాయమున శిష్యునిచేత కేక తినుట నాకదియే ప్రథమము. కంగారులో కర్రను ఎటు చూపితినో నాకే తెలియదు. ఇంచుమించు రెండు నిమిషములు హోరు తప్ప మరేమియు లేదు. ఆ రెండు నిమిషములు చిన్నవే. కాని నాకు వెంటనే జ్ఞప్తికి వచ్చినవి వరదనాటి రెండు దినములు. ఆవల నొక మనిషి ఉన్నాడు, పలుకుచున్నాడు, మనకు వినబడుట లేదు. తుదకు ధ్వని మరల దొరకెను. ఆ పెద్దమనిషి విసుగుపడక మా గుర్తునే పలుకుచుండెను. మాట యేల తెగినదని అడిగెను. మావాడు ఉన్నదున్నట్లు, మా గురువుగారు గొర్రెలకాపరికి బదులు చెప్పుచుండిరని చెప్పెను. ఆవల నవ్వు వినబడెను. గడులు మార్చుకొనిరి. ‘డెబ్బదిమూడు’ అనుకొనిరి. ఉపగ్రహము అస్తమించెను.

వరదలో ఇది పూర్తిగ అక్కరకు వచ్చునా యని దిగునపుడు నేనడిగితిని. రాదనియే అతడు నిజము చెప్పెను. దినమునకు నాలుగైదు మార్లు, ఒక్కొక్కమారు పదునిమిషములే అందు ఉపగ్రహముపై ఒక నగరముయొక్క ప్రాణములు వ్రేలాడగట్టరాదు. విపత్తులలో హామ్‌లు ఎక్కువగ వాడునది అయనావరణము నుండి తగిలివచ్చు పొడవైన తరంగములను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చునాటికి భారతి ప్రసాద్ గారి నాయకత్వమున కొందరు హామ్‌లు అండమానులోని పోర్టుబ్లేరులో నుండిరి. వారు పోయినది ప్రపంచపు హామ్‌లతో సరదాగ సంభాషించుటకు. భూమి కంపించి, టెలిఫోనులు తెగినంతనే వారు ఆ పని విడిచి, దీవులందలివారి క్షేమవార్తలను భారతభూమికి చేరవేసిరి. అందుకు వారికి ఉపగ్రహము పనిబడలేదు; అభ్యాసము పనిబడెను. గట్టుమీద పదమూడు నిమిషములలో కర్రపట్టుట, మీట త్రిప్పుట, తక్కువ మాటలతో ఎక్కువ చెప్పుట నేర్చినవాడు కీడువేళ తడబడడు. నేను తడబడితిని, ఏలననగా నాకభ్యాసము లేదు.

హామ్‌శాట్ తొమ్మిదేండ్లు పనిచేసి, 2014 జూలైలో బ్యాటరీలు చెడుటచేత మూగవోయెను. ఆస్కార్-7వలె ఎన్నడైన మేల్కాంచునేమో యని ఆశపడువారు లేకపోలేదు. ఇప్పుడు ఔత్సాహికులకు వేరు దారులు కలవు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందు 2020 సెప్టెంబరునుండి మన గొంతును గ్రహించి తిరిగి పంపు యంత్రమొకటి పెట్టబడెను. 2025 జూలైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా ఆ కేంద్రమునుండి హామ్ రేడియోద్వారా మనదేశపు విద్యార్థులతో మాటలాడెను. పరుగెత్తని స్తంభమును గూడ కనిపెట్టిరి: 2018 నవంబరులో ప్రయోగింపబడిన ఖతారు దేశపు ఉపగ్రహమొకటి భూమధ్యరేఖపై, భూమితో సమముగ తిరుగుచు, మనకు ఒకేచోట నిలిచినట్లుండును. అందులో హామ్‌లకొక ట్రాన్స్‌పాండరు గలదు. కర్నూలునుండి చూచినచో అది పడమటి దిక్కున దిగంతమునకు సుమారు 29 డిగ్రీల ఎత్తున నుండును. దానిద్వారా మాటలాడినచో మనగొంతు పావుసెకను తరువాత తిరిగివచ్చును. దూర మంత ఎక్కువ.

పండ్రెండేండ్లు నిండినవారు హామ్ పరీక్షకు కూర్చుండవచ్చును. ఎనిమిదవ తరగతి చదువుచున్న మీలో చాలమందికి ఆ వయస్సు నిండియే యుండును. కేంద్ర ప్రభుత్వమువారు జరుపు ఆ పరీక్షలో రేడియో సూత్రములును, నియమములును అడుగుదురు. మొదటిమెట్టు అనుమతికి మోర్సు సంకేతములు రానక్కరలేదు, పైమెట్టునకు కావలెను. హైదరాబాదునందు 1983లో స్థాపించిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ విద్యను నేర్పుటకు పాటుపడినది. అనుమతి లేనిదే ప్రసారము చేయుట చట్టరీత్యా నేరము. అనుమతిగలవాని యింటికి పోయి వినుట మొదట మంచిపని.

హామ్‌లకు మరియొక ఆచారము కలదు. సంపర్కము జరిగినట్లు గుర్తుగ ఒకరికొకరు టపాలో కార్డు పంపుకొందురు. మా సంపర్కము జరిగిన ఆరేడు నెలలకు సింహళమునుండి కార్డు వచ్చెను. మావాడు దానిని నా కిచ్చివేసెను. ఇప్పటికిని నా బల్ల అద్దముక్రింద నున్నది. ఒకప్రక్క కొబ్బరిచెట్ల బొమ్మ. రెండవప్రక్క తేది, వేళ, పౌనఃపున్యము, వి.ఓ.-52 అను ఉపగ్రహపు గుర్తు, అయిదు-తొమ్మిది అను అంకెలు. అన్నిటికి అడుగున, సన్నని సిరాతో నొక పంక్తి: ఏరియలు పట్టిన గురువుగారికిని, గొర్రెల కాపరికిని డెబ్బదిమూడు. నా వంతు నాకు చేరినది. ఆ కాపరి వంతు చెప్పుదమని తరువాత రెండుమార్లు గట్టెక్కితిని గాని అతడు కనబడలేదు.